గానమందిరమున ఛాయాచిత్రములు



పాట చెవికి విందు. పటము కంటికి విందు. పాటను పట్టి యుంచుటకే ప్రత్యేకముగ కట్టిన యింటి గోడలకు పటములతో పని యేమి? గాయకుడు కన్నులు మూసికొని పాడునప్పుడు ఎదుటి గోడపై ఏమున్న నేమి? ఈ ప్రశ్న మీలో ననేకులకు తోచుట సహజము. నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము ఇదియే. సంగీతమును ధ్వనిముద్రణము చేయు స్టూడియోలలో కచేరీల ఛాయాచిత్రములను, శబ్దగతిని కంటికి చూపుటకై తీసిన ప్రయోగచిత్రములను ప్రదర్శించుట కొన్నిచోట్ల కలదు. అది యేల యేర్పడినది, అట్టి చిత్రములను ఎట్లు తీయుదురు, ఎట్లు వ్రేలాడదీయుదురు అను మూడు సంగతులను మనవి చేసి, అందు గ్రామములలో నుండు మనకు పనికివచ్చు పాఠమును కడపట చెప్పెదను.

ముందుగ స్టూడియో యనగా నేమో తెలిసికొనవలయును. అందు ముఖ్యముగ రెండు గదులుండును. ఒకటి గాయకులును వాద్యగాండ్రును కూర్చుండు గది. అందు మైకులు నిలిపియుందురు. వీధిలోని బండ్ల చప్పుడుగాని, వానచప్పుడుగాని లోనికి రాకుండ గోడలు మందముగ నుండును. వాకిలికి రెండేసి తలుపులుండును. రెండవది యంత్రముల గది. దీనికిని మొదటిదానికిని నడుమ దళసరి యద్దపు కిటికీ యుండును. యంత్రములు నడుపువా రందు కూర్చుండి, పాటను వినుచు దానిని ముద్రింతురు. ఇవి గాక నడవయు, వచ్చినవారు వేచియుండుటకు ముంగిటి గదియు నుండును.

లండను నగరమున ఆబీ రోడ్డు అను వీధిలో ఇట్టి గృహ మొకటి లోకప్రసిద్ధమైనది. అది మొదట నివాసమునకై కట్టిన పాత మేడ. గ్రామఫోను కంపెనీవారు దానిని 1929లో కొని, వెనుకటి తోటలో స్టూడియోలు కట్టించిరి. 1931 నవంబరు 12వ తేదీన ఎడ్వర్డు ఎల్గారు అను ఆంగ్ల స్వరకర్త తన కృతిని వాద్యబృందముచేత వాయింపించి దానిని ప్రారంభించెను. ఆ వేడుకను చలనచిత్రముగ గూడ తీసిరి. అనగా ఆ గృహము తెరచిన దినముననే అందు ధ్వనియు దృశ్యమును జంటగ నడచినవి. నేడు దాని నడవల గోడలపై అచ్చట పాడినవారి, వాయించినవారి ఛాయాచిత్రములు పటములు గట్టి వ్రేలాడుచుండును.

ఇక నిది యేల యను ప్రశ్నకు వత్తము. ధ్వనిముద్ర పాటను దాచును గాని మనుష్యుని దాచదు. పాత గ్రామఫోను ప్లేటును తలచుకొనుడు. పదియంగుళముల ప్లేటు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు పాడును. నడుమ అంటించిన గుండ్రని కాగితముపై పాట పేరు, రాగము పేరు, పాడినవారి పేరు ఉండును. వెనుక మృదంగము వాయించిన దెవరు? ఫిడేలు పట్టిన దెవరు? చాల ప్లేట్లపై ఆ పేరులు కానరావు. పాట విని, ఆహా, ఆ మృదంగము ఎంత సుఖముగ నడచినదని తల యూచుదుము గాని, ఆ చేతులు ఎవరివో మనకు తెలియదు. ఆ వాద్యగాడు జీవితమంతయు శ్రమించి సంపాదించిన విద్య ప్లేటుపై నిలిచినది. అతని పేరు మాత్రము నిలువలేదు.

మరియొక విధమైన నష్టమునుగూడ చూడుడు. త్యాగరాజస్వామి 1767లో పుట్టి 1847లో సిద్ధి పొందిరి. ఛాయాచిత్రమును తీయు విద్యను ఫ్రాన్సు దేశమువారు పారిసు నగరమున లోకమునకు వెల్లడించినది 1839లో. స్వామి జీవించియుండగనే ఆ విద్య భూమిపై పుట్టినది గాని తిరువయ్యారు చేరలేదు. వారి కంఠమును వినుభాగ్యమును మనకు లేదు. వారి ముఖమును ఉన్నదున్నట్లు చూచుభాగ్యమును లేదు. మన యిండ్లలో పూజించు పటము చిత్రకారుల భావనతో వ్రాసినది. తంబుర మీటుచు కావేరీతీరమున నడచు ఆ మహానుభావుని ఛాయాచిత్ర మొక్కటి దొరకినచో దానికి మన మెంత విలువ కట్టుదుము! త్యాగరాజస్వామి కృతులైనను శిష్యపరంపరచే నిలిచినవి. శిష్యులు లేని సామాన్యవాద్యగాని సంగతి యేమి? ధ్వనిముద్రయు ఛాయాచిత్రమును ఒకదాని లోటును మరియొకటి పూరించును. ప్లేటు కంఠమును దాచి ముఖమును విడుచును. పటము ముఖమును దాచి కంఠమును విడుచును. రెండును ఒక్క గృహమున కలిసినచో ఆ మనుష్యుడు కొంతవరకు నిండుగ నిలుచును.

ఇంకొక మాట. శబ్దమును పట్టు విద్య మొదట పటముగనే పుట్టినది. ఫ్రాన్సు దేశీయుడు స్కాటు అనువాడు 1857లో ఒక యంత్రమును కల్పించెను. దానిలో మాటలాడినచో పలుచని పొర యొకటి అదరును. దాని కంటించిన పుల్ల మసిపూసిన కాగితముపై వంకరగీత గీయును. ఆ గీతను చూచుటయే గాని తిరిగి వినుట యతని కాలమున లేదు. 1877లో అమెరికా దేశమున ఎడిసను పండితుడు పలికిన మాటను మరల పలికించు యంత్రమును చేసెను. స్కాటు 1860లో గీయించిన గీతను నేటి పండితులు గణకయంత్రముల సాయముతో 2008లో శబ్దముగ మార్చి వినిపించిరి. నూట నలువదియెనిమిది యేండ్లు పటముగ పడియున్న పాట మరల పలికినది! 1932లో విడుదలయైన మన భక్తప్రహ్లాద మొదలు చిరకాలము చలనచిత్రములలో మాటయు పాటయు ఫిల్ము అంచున వెలుతురుతో ముద్రించిన సన్నని చారగా నుండెడివి. అనగా నాటి సినిమాపాట యొక విధమైన ఛాయాచిత్రమే. కావున గానమందిరమున చిత్రము పరాయిది కాదు, తోబుట్టువు.

ఇక ఈ చిత్రములను తీయు విధము. కచేరీలో ఛాయాచిత్రము తీయుట పెండ్లిలో తీయుటవంటిది కాదు. పెండ్లిలో అందరును ఫోటోవానివైపు తిరిగి నిలుతురు. కచేరీలో ఎవ్వరును అతని నెరుగనట్లే యుండవలయును. వెలుతురు తక్కువగ నుండును. వాద్యగాని చేతులు క్షణకాలమైనను నిలువవు. కెమేరాకన్ను ఎక్కువసేపు తెరచియుంచినచో చేయి మసకబారును; తక్కువసేపు తెరచినచో చిత్రము చీకటియగును. ఈ రెంటికి నడుమ దారి చూచుకొనుటయే అతని విద్య. మెరుపుదీపము వెలిగించినచో గాయకుని దృష్టి చెదరును. పాత కెమేరాలు టక్కున చప్పుడు చేసెడివి; నేటి కెమేరాలలో అనేకము బొత్తిగ చప్పుడు లేకుండ పనిచేయగలవు. అయినను యంత్రముకంటె మర్యాద ముఖ్యము. ఆలాపన మంద్రస్థాయిలో నడచునప్పుడు లేచి నడువరాదు; సదస్సునకు అడ్డముగ నిలువరాదు. సంగీతము తెలిసినవాడు పల్లవి ఎప్పుడు ముగియునో, తని ఆవర్తన మెప్పుడు ఆరంభించునో ముందే యెరుగును. గాయకుడు సమము నందుకొన్న యా క్షణమున మృదంగము వానివైపు చూచి నవ్విన నవ్వును అట్టివాడే పట్టగలడు. అట్టి చిత్రమున పాట వినబడకున్నను, పాటవలన కలిగిన సంతోషము కనబడును.

ఈ పనిని జీవితవ్రతముగ చేసినవాడు ఫ్రాన్సిసు వుల్ఫు అనువాడు. ఇతడు జర్మనీ దేశపు యూదుడు. హిట్లరు పాలనలో నిలువలేక 1939లో న్యూయార్కు చేరెను. అతని బాల్యమిత్రుడు ఆల్‌ఫ్రెడు లయను అచ్చట ఆ యేడే బ్లూ నోటు అను ధ్వనిముద్రణ సంస్థను ఆరంభించి యుండెను. వారు ముఖ్యముగ ముద్రించినది నీగ్రోజాతీయులని నాడు పిలువబడిన నల్లవారి జాజు సంగీతము. తెల్లవారు నల్లవారిని తమ సరసన కూర్చుండనీయని చోటులు ఆ దేశమున నాడు చాల నుండెను. రూడీ వాన్ గెల్డరు అను యంత్రవేత్త తన తలిదండ్రుల యింటి ముంగిటి గదిలోనే మొదట స్టూడియో నడిపెను. తరువాత 1959లో ప్రత్యేకముగ కట్టించుకొనెను. బ్లూ నోటువారి పాటలు పెక్కు అతనియొద్ద ముద్రింపబడినవి. ఆ దినములలో వుల్ఫు కెమేరా పట్టుకొని గదిలో తిరుగుచు, పేరుగన్న ముఖ్యవాద్యగాని నొక్కనినే కాదు, ప్రక్కవాద్యములవారినిగూడ అంతే శ్రద్ధతో చిత్రించెను. చెమటపట్టిన నుదురు, కాగితముపై స్వరము చూచుకొను చూపు, తన వంతునకై వేచియున్నవాని మౌనము, ఇట్టివి ఆ చిత్రములలో కానవచ్చును. వుల్ఫు 1971లో మరణించెను. నాడు హోటలు వాకిటిలో అడ్డగింపబడిన మనుష్యులు నేడు అతని చిత్రములలో రాజుల ఠీవితో ప్రదర్శనశాలల గోడలపై నున్నారు. ఛాయాచిత్రము చేయగల ధర్మకార్యమునకు ఇది తార్కాణము.

ఇక ప్రయోగచిత్రములు. ఇవి మనుష్యుని పోలికను చూపుటకుగాక, కంటికందని గతిని చూపుటకై తీయబడునవి. వేదాంతగోష్ఠులలో అలాతచక్రదృష్టాంతమును మీరు వినియే యుందురు. చీకటిలో కొరివిని గిరగిర త్రిప్పినచో నిప్పుచక్రము కనబడును. నిజముగ చక్రము లేదు; కదలు నిప్పు ఒక్కటే యున్నది. గౌడపాదాచార్యులవారు తమ మాండూక్యకారికలలో అలాతశాంతియని యొక ప్రకరణమునకే పేరిడిరి. వేదాంతులు భ్రాంతికి దృష్టాంతముగ చెప్పినదానినే ఛాయాచిత్రకారుడు సాధనముగ చేసికొనెను. అల్బేనియాలో పుట్టి అమెరికాకు పోయిన జాన్ మిలీ అనువాడు 1952లో ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు యాషా హైఫెట్సును చీకటిగదిలో నిలిపి, అతని కమానుకు చిన్న దీపము కట్టి, కెమేరాకన్ను తెరచియుంచి వాయింపుమనెను. ఆ దీపము నడచిన త్రోవ యంతయు కాగితముపై వెలుతురు ముగ్గుగ పడినది. కమాను ఎచ్చట సాగినది, ఎచ్చట విరిగినది, ఎచ్చట త్వరపడినది ఆ ముగ్గును చూచి చెప్పవచ్చును. మన ద్వారము వేంకటస్వామినాయుడుగారి (1893–1964) కమానుపోకడను ఇట్లు పట్టినవారుండినచో, అది నేటి విద్యార్థుల కెంతటి పాఠమై యుండెడిది!

అదే మిలీ 1941లో జీన్ క్రూపా అను డోలువిద్వాంసుని మరియొక రీతిగ చిత్రించెను. ఇందు చీకటిలో మెరుపుదీపము క్షణములో ననేకపర్యాయములు వెలిగి యారును. వెలిగినప్పుడెల్ల పుల్ల యున్న చోటు చిత్రమున పడును. ఆ చిత్రమున వాద్యగానిచుట్టు పుల్లలు విసనకఱ్ఱ విప్పినట్లు కనబడును. ఇట్టి మెరుపుదీపమును ఆ కాలమున మెరుగుపరచినవాడు ఎడ్జర్టను అను పండితుడు.

శబ్దమే స్వయముగ వ్రాయు ముగ్గు మరియొకటి కలదు. జర్మనీదేశపు క్లాడ్ని పండితుడు 1787లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. పలుచని లోహపు పలకపై సన్నని యిసుక చల్లి, పలక అంచున కమానుతో రాచినచో, పలక అదరుచోట్లనుండి యిసుక తొలగి, అదరనిచోట్ల పోగగును. చూచుచుండగనే చుక్కలు, రేఖలు, పువ్వులవంటి యాకారము లేర్పడును. స్వరము మారినచో ముగ్గు మారును. మన సర్ చంద్రశేఖర వేంకటరామన్ పండితుడు ఇదే పద్ధతిని మృదంగమునకు వర్తింపజేసెను. ఆయన తండ్రిగారు విశాఖపట్టణమున కళాశాలలో ఉపాధ్యాయులుగ నుండుటచే, ఆయన చదువు మొదట ఆ యూరనే సాగినది. సామాన్యమైన డోలుచర్మమునుండి వెలువడు ధ్వనులు ఒకదానితో నొకటి పొసగవు. మృదంగపు కుడిప్రక్క నడుమనున్న నల్లని పూతవలన ఆ ధ్వనులు ఒకటికి రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లుగ క్రమపడి శ్రుతిసుఖమును కలిగించునని ఆయన 1920లోను, 1934లోను ప్రకటించిన వ్యాసములలో నిరూపించెను. చర్మముపై చల్లిన యిసుకచే ఆ రేఖలను కంటికి చూపెను. ఏ శాస్త్రమును చదువని మన పూర్వులు చేతివ్రేళ్లతో, చెవులతో పరీక్షించి సాధించిన నేర్పు ఆ యిసుకముగ్గులలో ప్రత్యక్షమైనది. ఇట్టి చిత్రము గానమందిరపు గోడపై నున్నచో అది యలంకారము గాదు. ఆ గదిలో జరుగుచున్న పనికి వ్యాఖ్యానము.

ఇక వ్రేలాడదీయు విధము. ఇది తేలికపని యనుకొనరాదు. క్రొత్తగ కట్టిన యింటిలో గృహప్రవేశమునకు ముందు మాటలాడి చూడుడు; మాట గంగుమని మ్రోగును. అదే యింట ధాన్యపు బస్తాలు, పరుపులు, మంచములు చేరిన తరువాత ఆ మ్రోత యుండదు. నున్నని గట్టి వస్తువు శబ్దమును తిరుగగొట్టును. దూదివంటి మెత్తని దళసరి వస్తువు దానిని మ్రింగును. స్టూడియోగది ఈ రెంటిని తూకము వేసి కట్టినది. అందు పెద్ద అద్దపుపటములను విచ్చలవిడిగ తగిలించినచో ఆ తూకము చెడును. ఎదురెదురు గోడలకు అద్దము లున్నచో శబ్దము బంతివలె ఇటునటు ఎగురుచు పాటను చెడగొట్టును.

ఎంత పటమునకు ఏ శబ్దము తగులునో కొంచెము లెక్క చెప్పెదను. శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. సెకండునకు వేయిమారు లదరు స్వరముయొక్క అల పొడవు ఒక్క యడుగునకు కొంచె మెక్కువ. నూరుమారు లదరు మంద్రస్వరపు అల పదునొకండు అడుగులు. చెరువులో పాతిన గుంజను పెద్ద అల లెక్కచేయక చుట్టి పోవును. అదే అల గట్టుకు తగిలి వెనుకకు తిరుగును. అట్లే అడుగు వెడల్పు పటమును మంద్రధ్వని లెక్కచేయదు. వేయింటికి పైబడిన సన్నని ధ్వనులకే అది యడ్డమగును. కావున చిన్నపటములు రెండు మూడున్నచో హాని స్వల్పము. నిలువెత్తు అద్దములు వచ్చినప్పుడే చిక్కు.

దీనికి ఉపాయములు కలవు. మొదటిది, అద్దము లేకుండ చిత్రమును గుడ్డపై ముద్రించుట. నోటితో ఊదినచో గాలి అవతలికి పోవు పలుచని గుడ్డను గ్రహించి, రెండంగుళముల మందమున దూదివంటి పదార్థమును కూరిన చట్రముపై దానిని బిగించి కట్టుదురు. అప్పుడు చిత్రమే శబ్దమును మ్రింగు సాధనమగును. గుడ్డ రంధ్రములను పూడ్చు దళసరి రంగు మాత్రము పనికిరాదు. రెండవది మన పాత యిండ్లలోని యాచారమే. పటమును పైభాగము ముందునకు వంగునట్లు వ్రేలాడదీయుట మన మెరుగుదుము. క్రిందనుండి చూచువారికి దేవుని ముఖము బాగుగ కనబడుటకై మనవా రట్లు చేసిరి. స్టూడియోలో ఆ వాలు మరియొక మేలు చేయును. అద్దమునకు తగిలిన శబ్దము ఎదుటిగోడకు పోక నేలకు దిగును. నేలపై తివాచి పరచియున్నచో అచ్చటనే యణగును. మూడవది, పటము వెనుక నాలుగు మూలల మెత్తని గుడ్డముక్క లంటించుట. లేనిచో వదులైన మేకు, కదలు అద్దము డోలుమ్రోతకు ఝుమ్మని అదరి, ఆ పాటలో పిలువని వాద్యముగ చేరును.

అయినను ప్రతి గదియు ఒక్కరీతిగ నింపవలసిన పని లేదు. నా యభిప్రాయమున, మహావిద్వాంసుల నిలువెత్తు చిత్రములు నడవలో నుండుట మేలు. పాడుగదిలో ఎదుట మహావిద్వాంసుడు చూచుచున్నచో మొదటిసారి మైకుముందు నిలిచిన పడుచు గాయనికి గొంతు తడియారును. పాడుగదిలో ఇసుకముగ్గులు, వెలుతురుగీతలు చాలును. చిత్రముపై తిన్నగ ఎండ పడరాదు. ఎండకు చిత్రము వెలిసిపోవును. చెమ్మగోడకు ఆనించరాదు, బూజు పట్టును. దీపము అద్దముపై మెరసి గాయకుని కన్నులలో పడకుండ చూడవలయును. చిత్రమున నున్నవారి యనుమతియు, దానిని తీసినవాని యనుమతియు పొందుట న్యాయము. సాధారణముగ ఛాయాచిత్రముపై హక్కు దానిని తీసినవానిదని మన దేశపు 1957వ సంవత్సరపు చట్టమును చెప్పుచున్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది పటముక్రింద వ్రాయు చీటి. ఇందుకు నిదర్శనముగ ఆబీ రోడ్డు కథనే మరల చెప్పెదను. 1969 ఆగస్టు 8వ తేదీన ఇయాన్ మాక్మిలను అను ఛాయాచిత్రకారుడు ఆ స్టూడియో యెదుటి వీధినడుమ నిచ్చెనవేసికొని, బీటిల్సు అను నలుగురు గాయకులు బాట దాటుచుండగ ఆరు చిత్రములు మాత్రము తీసెను. అందొకటి వారి పాటల సంపుటికి అట్టగ నమరినది. ఆ యట్ట ముందువైపున సంపుటి పేరు లేదు, గాయకుల పేరును లేదు! అయినను లోకము గుర్తుపట్టినది. అంతవరకు వేరుపేరున నున్న ఆ స్టూడియోకు తరువాత ఆ సంపుటి పేరే స్థిరపడినది. 1983లో కొన్ని వారములు అచ్చటి రెండవ స్టూడియోను ప్రజలకు తెరచి, ఆ గాయకుల చిత్రములను చూపి, వారి ధ్వనిముద్రలను వినిపించిరి. 2022లో ఆ సంస్థవారే సంగీత ఛాయాచిత్రకారులకు బహుమానము లేర్పరచిరి.

లోకమంతయు ఎరిగిన నలుగురికి చీటి యక్కరలేకపోయినది. కాని అట్టివారు కోటి కొకరు. మిగిలిన వాద్యగాండ్ర కందరికిని చీటి కావలయును. పేరు లేని పటము కొంతకాలమునకు ఎవరిదో ముఖమగును. మరికొంత కాలమునకు పాతకాగితమగును. మంచి ప్రదర్శనమున ప్రతి పటముక్రిందను ముఖ్యగాయకుని పేరును, ప్రక్కవాద్యములవారి పేరులును, ఊరును, సంవత్సరమును, చిత్రము తీసినవాని పేరును ఉండును. వెనుక తంబుర పట్టిన బాలిక పేరుగూడ ఉండవలయును.

ఇప్పుడు మన సంగతి. మీ యిండ్లలో పాతపెట్టెల యడుగున, దేవాలయపు గదులలో, భజనమందిరపు గోడలపై ఇట్టి పటము లెన్ని లేవు? శ్రీరామనవమి పందిటిలో నాదస్వరము వాయించినవారు, బుఱ్ఱకథ చెప్పిన దళము, హరికథకు హార్మోనియము వాయించిన యాయన, తోలుబొమ్మలాటలో తెరవెనుక పాడిన యామె, ఊరేగింపులో డప్పు కొట్టినవారు. అందు ఎవరు ఎవరో చెప్పగలవారు మీరే. మీకు పిమ్మట చెప్పగలవారు లేరు. వారిలో పెక్కుర పాట ఏ ప్లేటుపైనను ఎక్కలేదు. ఆ పటమొక్కటే మిగిలినది; దాని పేరు మీ జ్ఞాపకమునందు మాత్రమే యున్నది.

కావున మీకొక విన్నపము. ఆ పటములను బయటకు తీయుడు. వెనుక తెల్లకాగిత మున్నచో మెత్తని పెన్సిలుతో అంచున తేలికగ పేరులు వ్రాయుడు. సిరా వలదు, అది యివతలికి ఊరును. నున్నని క్రొత్తరకపు కాగితమైనచో పెన్సిలు అంటదు. అట్టివానిని విడివిడి కవరులలో నుంచి కవరుపై వ్రాయుడు. జిగురుబిళ్లలతో అంటింపకుడు. ఎడమనుండి కుడికి వరుసగ ఒక్కొక్కరి పేరు, వాద్యము, ఊరు వ్రాయుడు. తెలియనిచోట తెలియదనియే వ్రాయుడు. ఊహించి వ్రాసిన పేరు లేనిదానికంటె చెరుపు.

మరియొకటి. నేడు మీ మనుమలచేతిలోని ఫోను ఛాయాచిత్రమును తీయును, ధ్వనిని ముద్రించును. పటమును ఎదుట నుంచుకొని, పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇతడు ఫలానావాడు, ఈయన వాయించిన కల్యాణి యిట్లుండెడిది, ఆ యేటి వానలో పందిరి కూలినను ఆయన ఆపలేదు, అని చెప్పుడు. వీలైనచో ఆ పాట చరణమును పాడి వినిపింపుడు. పిల్లవాడు దానిని ఫోనులో పట్టుకొనునుగాక. లండనులో గానమున్న చోటికి చిత్రమును తెచ్చిరి. మీరు చిత్రమున్న చోటికి గానమును తెచ్చినవా రగుదురు. దానికి మందమైన గోడలు, దళసరి యద్దములు అక్కరలేదు. వసారాలో నులకమంచము చాలును, వీధి సద్దుమణగిన ఒక సాయంకాలము చాలును.